షుర్జ్ గారి కూతురికో రూలు

"తెలుగు క్లాసుకి ఇంక రాను నాన్నా" అని మా పెద్దది చెప్పి మూడు వారాలైంది. పదకొండేళ్లు దానికి. ఏడవలేదు, అరవలేదు, టిఫిన్ తింటూ మామూలుగా చెప్పేసింది, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

నేనూ మొండివాణ్ణే. వలస వచ్చిన నాయకుడెవరి మీదైనా పోస్టర్ చెయ్యమన్నారట స్కూల్లో, కార్ల్ షుర్జ్ పేరు నేనే అందించాను. జర్మనీలో 1848 విప్లవంలో దిగి, మరుసటేడు రాష్టాట్ కోట నుంచి మురుగు కాలవలో పాకి తప్పించుకున్నవాడు. 1850లో దొంగచాటుగా వెనక్కెళ్లి స్పాండౌ జైల్లోంచి తన ప్రొఫెసర్ కింకెల్‌ని బయటికి తెచ్చాడు. 1852లో అమెరికా చేరేసరికి ఇంగ్లిష్ దాదాపు రాదు, పేపర్లు చదివి నేర్చుకున్నాడు, ఎనిమిదేళ్లు తిరక్కుండా లింకన్ తరఫున రెండు భాషల్లోనూ ఊరూరా ప్రచారం చేశాడు. స్పెయిన్‌లో రాయబారి, సివిల్ వార్‌లో జనరల్, 1869లో మిస్సోరీ నుంచి సెనేటర్. జర్మనీలో పుట్టి సెనేట్‌కి వెళ్లిన మొదటివాడు. 1877లో ఇంటీరియర్ సెక్రటరీ, అంటే స్థానిక తెగల వ్యవహారాలు కూడా చూసే మంత్రి. ప్రెసిడెంట్ మాత్రం కాలేడు, ఇక్కడ పుట్టలేదుగా. (మా పిల్ల కావచ్చు, మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఆ మాట గుర్తుచేస్తుంది.)

ఇదంతా సరే, నా ఎర వేరే. ఆయన భార్య మార్గరెటె 1856లో విస్కాన్సిన్‌లోని వాటర్‌టౌన్‌లో, కూతురు అగాతేనీ చుట్టాల పిల్లల్నీ కూర్చోబెట్టి జర్మన్‌లో ఆటపాటలు నేర్పింది. అమెరికాలో తొలి కిండర్‌గార్టెన్ అదే. "చూశావా, అంత పెద్దవాళ్లింట్లో కూడా సొంత భాషే" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

రెండు రోజులకి లాప్‌టాప్ పట్టుకొచ్చింది. పెన్సిల్వేనియాలో కార్లైల్ స్కూలు, 1879. స్థానిక తెగల పిల్లల్ని ఇళ్లకి దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, వాళ్ల భాష మాట్లాడితే శిక్షించిన చోటు. పెట్టింది ప్రాట్ అనే సైనికాధికారి, సరేనన్నది ఇంటీరియర్ సెక్రటరీ, అంటే మన షుర్జ్ గారే. "వాళ్ల పాపకో రూలు, ఆ పిల్లలకో రూలా?" ఇంగ్లిష్‌లోనే అడిగింది లెండి.

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. "అది పెట్టకపోయినా పర్లేదులే, పోస్టర్‌లో చోటు చాలదు" అన్నాను.

నేను చదివిన కాన్వెంట్‌లో తెలుగు మాట్లాడితే అర్ధ రూపాయి ఫైన్. మా నాన్న ఆ ఫైన్లు కట్టి, స్కూల్లో క్రమశిక్షణ బ్రహ్మాండమని చుట్టాలకి చెప్పుకునేవారు. నేను అంతకంటే బాగా చేశాననుకోకండి. దీనికి మూడేళ్లప్పుడు డేకేర్‌లో ఎవరితోనూ మాట్లాడటం లేదని టీచర్ అంటే, ఆవిడ మమ్మల్ని ఏమీ మానెయ్యమనలేదు, మేమే భయపడిపోయి వారం తిరక్కుండా ఇంట్లో ఇంగ్లిష్‌కి మారిపోయాం. ఏడేళ్లు వచ్చాక మళ్లీ బెంగ పుట్టి ఆదివారం క్లాసులో చేర్పించాం. తీసేసిందీ నేనే, లేదని గోల చేసేదీ నేనే.

కొత్తగా వచ్చినవాళ్లు అడిగితే ఇంట్లో తెలుగే మాట్లాడండి, వాళ్లు ఇంగ్లిష్‌లో జవాబిచ్చినా మీరు ఆపకండి అని చెబుతుంటాను. సలహా మంచిదే, ఇచ్చేవాడే పాటించలేదు. ఇప్పుడు బలవంతంగా పంపితే ఆ అర్ధ రూపాయి ఫైన్‌కీ దీనికీ తేడా ఏమిటో కూడా తెలియడం లేదు. ఉందనుకుంటాను. ఉండాలి.

షుర్జ్ తన జ్ఞాపకాల్లో జర్మనీ రోజుల భాగం జర్మన్‌లో రాసి, అమెరికా భాగం ఇంగ్లిష్‌లో రాశాడు. మా పిల్ల ఎప్పుడైనా మా ఇంటి సంగతి రాస్తే మొదటి పేజీ నుంచీ ఇంగ్లిషే.

పోస్టర్ డైనింగ్ టేబుల్ మీద ఉంది. ఎడమ పక్క కిండర్‌గార్టెన్ బొమ్మ, కుడి పక్క కార్లైల్ పిల్లల ఫోటో, రెండూ ఒకే సైజు, చోటు బాగానే సరిపోయింది. ఇవాళ ఆదివారం. క్లాసు పదింటికి, తొమ్మిదిన్నర దాటింది, ఇంకా లేపలేదు.