ఎర్ర క్యాప్సికం: ఎంత మంట, ఎంత నూనె

ధర చూసి ఎర్ర క్యాప్సికం పక్కన పెట్టి పచ్చదే కొనుక్కుంటాం. నిజానికి ఎర్రది వేరే కాయగూరేమీ కాదు. పచ్చకాయను ఇంకొన్ని వారాలు మొక్క మీదే ఉంచితే పండి ఎర్రబడుతుంది. రైతు అన్నాళ్లు కాయను కాపాడుకోవాలి, అందుకే ఆ ధర.

పండేకొద్దీ పోషకాలూ పెరుగుతాయి. వండని 100 గ్రాముల ఎర్ర ముక్కల్లో విటమిన్ సి సుమారు 130 మిల్లీగ్రాములు, పచ్చవాటిలో 80 దాకా. పెద్దవాళ్లలో మగవాళ్లకు రోజుకు 80, ఆడవాళ్లకు 65 కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. 70 గ్రాముల ఎర్ర ముక్కలు వండకుండా తింటే సరిపోయినట్టే. విటమిన్ ఎ గా మారే కెరోటిన్లయితే ఎర్రదాంట్లో పచ్చదానికి ఎన్నో రెట్లు. (హంగరీ శాస్త్రవేత్త సెంట్-జార్జి 1930లలో విటమిన్ సి ని పెద్ద మొత్తంలో తీసింది ఈ జాతి ఎర్ర మిరప నుంచే. 1937లో నోబెల్ వచ్చింది.)

చిక్కంతా వంటలోనే. విటమిన్ సి నీళ్లలో కరిగిపోతుంది, వేడికి తగ్గిపోతుంది. ఉడకబెట్టి నీళ్లు వార్చేస్తే సగం మేలు సింకు పాలే. కెరోటిన్లు మాత్రం కాస్త నూనె ఉంటేనే ఒంటికి బాగా పడతాయి. కాబట్టి బాండీలో రెండు చెంచాల నూనె బాగా కాగాక అంగుళం ముక్కలు వేసి, పెద్ద మంట మీద మూడు నిమిషాలు తిప్పి దించేయాలి. ఉప్పు దించే ముందే. మొదట్లోనే ఉప్పేసినా, మూత పెట్టినా, బాండీ నిండా ముక్కలు కుక్కినా నీరొదిలి ముద్దయిపోతాయి.

పప్పన్నంలో పక్కన నాలుగు పచ్చి ముక్కలు నంజుకుంటే ఇంకా మంచిది. పప్పులో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే అదే ముద్దతో విటమిన్ సి లోపలికి వెళ్లాలి. తినగానే టీ తాగితే ఇనుము పట్టడం తగ్గుతుంది, గంట ఆగండి.

తొక్క అరగక పొట్ట ఉబ్బరించేవాళ్లు కాయను స్టవ్ మంట మీద నల్లబడేదాకా కాల్చి, గిన్నెలో వేసి పది నిమిషాలు మూత పెట్టాలి. తొక్క చేత్తోనే ఊడొస్తుంది. కుళాయి కింద కడగొద్దు, రుచంతా పోతుంది. పచ్చడికి ఇదే బాగుంటుంది. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవాళ్లు మాత్రం ఎంత తినొచ్చో డాక్టర్‌ను అడగాలి.

కొనేటప్పుడు తొడిమ పచ్చగా, కాయ బరువుగా ఉందో లేదో చూడండి. తొడిమ చుట్టూ ఉన్న గుంటలో మట్టి, మందు నిలుస్తాయి. అక్కడ వేలితో రుద్ది కడిగాకే కత్తి పెట్టండి.