కోడిపిల్లల గొంతులో ఎర్ర నట్టలు

1వ రోజు: పొద్దున గంప ఎత్తగానే, పదకొండు నాటుకోడి పిల్లల్లో మూడు మెడ చాచి నోరు తెరిచి గాలి కోసం తపిస్తున్నాయి. మధ్యమధ్య తల విదిలిస్తున్నాయి. వయసు ఆరు వారాలు. కొక్కెర తెగులేమోనని గుండె జారింది. కానీ టీకా వేయించాను, పచ్చ విరేచనాలు లేవు, ముక్కు కారడం లేదు.

2వ రోజు: ఒకటి చనిపోయింది. పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే శ్వాసనాళాన్ని పొడవునా కోసి చూపించారు. లోపల రక్తంలా ఎర్రటి నట్టలు, ఒక్కొక్కటీ పంగల కర్రలా ఉంది. నిజానికి అవి రెండేసి పురుగులు. సుమారు 2 సెంటీమీటర్ల ఆడదానికి చిన్న మగది అతుక్కుని ఉంటుంది, ఇక విడిపోదు. పేరు సింగమస్ ట్రాకియా.

"వానపాములు తింటాయా?" అని అడిగారు. నెలరోజులుగా ఎరువు గుంత తవ్వి నేనే పెడుతున్నాను, బలం వస్తుందని. ఈ నట్టల గుడ్లు దగ్గుతో గొంతులోకి వచ్చి, కోడి మింగితే రెట్టలో పడతాయి. తడి నేలలో ఒకటి రెండు వారాల్లో గుడ్డులోని పిల్లపురుగు సిద్ధమవుతుంది. దాన్ని మింగిన వానపాములో, నత్తలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. అలాంటి వానపామును కోడిపిల్ల తింటే ఊపిరితిత్తుల గుండా గొంతు చేరుతుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

3వ రోజు: ఫెన్‌బెండజోల్ అనే నట్టల మందు మొదలుపెట్టాను, ఐదు రోజులు వేయమన్నారు. ఒక్కో పిల్లను వంటింటి కాటాలో తూచి, వైద్యుడు చెప్పిన మోతాదును సూదిలేని సిరంజితో ముక్కు పక్కనుంచి నోట్లోకి చుక్కచుక్కగా వేశాను. నీళ్లలో కలిపితే మందు అడుగున పేరుకుంటుంది. పైగా జబ్బుపడ్డ పిల్ల నీళ్లే సరిగా తాగదు.

5వ రోజు: బాగా నీరసించిన పిల్ల పోయింది. చచ్చిన నట్టలు కూడా గొంతుకు అడ్డుపడవచ్చని వైద్యుడు ముందే హెచ్చరించారు. మిగిలిన తొమ్మిదింటిలో తల విదిలించడం తగ్గింది.

8వ రోజు: గూటిని ఎరువు గుంతకు దూరంగా, ఎత్తు మీదికి మార్చాను. కింద పొడి ఊక పరిచాను. సున్నం చల్లితే చాలదా అనుకున్నాను గానీ, వానపాము ఒంట్లో దాగిన పురుగును అది తాకదు. అందుకే గుంత చుట్టూ వల కట్టాను.

24వ రోజు: రెట్ట పరీక్షలో గుడ్లు కనిపించలేదు. తొమ్మిదీ మేత తింటున్నాయి. పార చప్పుడు వింటే చాలు, ఇప్పటికీ వల దాకా పరుగెత్తుకొస్తాయి. తరిగిన మునగాకు, నూకలు వేస్తున్నాను.