పిలుపు వినిపించాక మొదటి అడుగు

సువార్త కూటాల్లో చివరి రాత్రి దేవుని సేవకు వస్తానని చెయ్యెత్తి, వారం తిరక్కుండానే ఉద్యోగం మానేసే యువకులు మన కడప, జమ్మలమడుగు వైపు సంఘాల్లో కనిపిస్తూనే ఉంటారు. ఆ కన్నీళ్లు నిజమైనవే. కానీ దేవుడు తన సేవకు పిలిచాడనడానికి కన్నీళ్లొక్కటే రుజువు కావు.

మొదటి సమూయేలు 3వ అధ్యాయం నిదానంగా చదవండి. దేవుడు మూడుసార్లు పిలిచినా బాలుడైన సమూయేలు అది యాజకుడైన ఏలీ గొంతే అనుకుని అతని దగ్గరికి పరుగెత్తాడు. పిలిచేది యెహోవా అని గ్రహించింది పెద్దవాడైన ఏలీ. అందుకే ముందు పాస్టరుగారితో, సంఘ పెద్దలతో మాట్లాడాలి. అంతియొకయ సంఘంలో బర్నబాను, సౌలును (పౌలును) కూడా ఉపవాసముండి, ప్రార్థించి, చేతులుంచి సేవకు పంపారు.

తర్వాత ఇంటి లెక్క. వేరుశనగకు తెచ్చిన పంట అప్పు, చీటీ కంతులు, పిల్లల ఫీజులు ఒక కాగితం మీద రాసుకుని భార్యాభర్తలు కలిసి ప్రార్థించాలి. ఇది అవిశ్వాసం కాదు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకుంటాడని ప్రభువే చెప్పాడు (లూకా 14:28). అప్పులవాళ్లు వాకిట్లో నిలబడితే సువార్తకే చెడ్డపేరు.

అలాగని లెక్కల్లోనే ఏళ్లు గడిపేయకూడదు. అబ్రాహాము 75 ఏళ్ల వయసులో, చేరబోయే చోటు తెలియకుండానే హారాను పట్టణాన్ని విడిచాడు. తెలిసినంత మేరకు ఈ వారమే మొదలుపెట్టండి: సండే స్కూల్లో ఒక తరగతి, మంచం పట్టిన విశ్వాసి ఇంట్లో అరగంట వాక్యం, ప్రార్థన. చేతికి మైకు ఇస్తేనే సేవ అనుకునేవాళ్లు ఇక్కడే జారిపోతారు. చాపలు పరిచే పని అప్పగించినా, ఆరాధనకు అరగంట ముందే వెళ్లండి.