సీమకు మూడు వారాల టెన్నిస్ ఇవ్వండి

అనంతపురంలో టెన్నిస్ మాట ఎత్తితే అందరి నోటా ముందు వచ్చే పేరు నాదల్. 2010 అక్టోబరులో స్పెయిన్ టెన్నిస్ స్టార్ రఫెల్ నాదల్ మన ఊరికి వచ్చి, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్వచ్ఛంద సంస్థ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్‌లో తన ఫౌండేషన్ తరఫున పిల్లల టెన్నిస్ స్కూలు ప్రారంభించాడు. రాకెట్ కొనే స్తోమత లేని ఇళ్ల పిల్లలు, చుట్టుపక్కల పల్లెల పిల్లలు అక్కడ ఆటతో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు కూడా నేర్చుకున్నారు. అది చిన్న విషయం కాదు, నేను ఎప్పుడూ గర్వంగానే చెప్పుకుంటాను. కానీ కోర్టు ఉండి, కోచ్ ఉండి, పిల్లకు చేతిలో ఆట ఉన్నా అక్కడి నుంచి పైకి ఎక్కే మెట్లు వేరేవాళ్ల చేతిలో ఉంటాయి. ఆ మెట్లు వేయాల్సింది రాష్ట్ర టెన్నిస్ సంఘం. దాని గురించి మన జిల్లాల్లో ఎవరూ మాట్లాడరు. అందుకే ఇది రాస్తున్నా.

వ్యవస్థ సంగతి క్లుప్తంగా చెప్తాను. అన్నిటికన్నా పైన 1913లో మొదలైన అంతర్జాతీయ సమాఖ్య ఐటీఎఫ్, దాని కింద ఖండాల వారీగా ఆరు ప్రాంతీయ సంఘాలు, మనది ఆసియా టెన్నిస్ ఫెడరేషన్. దేశంలో 1920 నుంచి ఉన్న ఐటా, అంటే అఖిల భారత టెన్నిస్ సంఘం, దాని కింద రాష్ట్ర సంఘాలు. ఇవన్నీ ఎన్నికలు, లెటర్‌హెడ్లు, జట్టు ఎంపికల కోసమే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో వీటన్నిటి అసలు పని ఒక్కటే, క్యాలెండర్. ఏ వారం ఏ ఊళ్లో ఏ వయసు పిల్లలకు టోర్నీ ఉందో అది నిర్ణయిస్తుంది ఎవరు ఆటగాళ్లు అవుతారో.

ఎందుకంటే టెన్నిస్‌లో ర్యాంకే అన్నీ. అండర్ 12, 14, 16, 18 అని విభాగాలు, కింది నుంచి పైకి టాలెంట్ సిరీస్, ఛాంపియన్‌షిప్ సిరీస్, సూపర్ సిరీస్, నేషనల్ సిరీస్ అని స్థాయిలు. ఆడితే పాయింట్లు, పాయింట్లతో ర్యాంకు, ర్యాంకును బట్టి పై టోర్నీలో నేరుగా మెయిన్ డ్రాలో (అసలు పోటీలో) చోటా, దానికి ముందు జరిగే అర్హత పోటీలు, అంటే క్వాలిఫైయింగ్, ఆడాలా అన్నది తేలుతుంది. పైగా సంవత్సరం తిరిగేసరికి పాత పాయింట్లు రాలిపోతాయి, అంటే ఒకసారి గెలిచి ఇంట్లో కూర్చుంటే కుదరదు, తిరుగుతూనే ఉండాలి. సాధారణంగా వారాంతంలో క్వాలిఫైయింగ్, సోమవారం నుంచి మెయిన్ డ్రా, కాబట్టి పిల్లకు స్కూలు పోతుంది, వెంట వెళ్లే పెద్దమనిషికి పని పోతుంది. బెంగళూరు మనకు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు, హైదరాబాద్ మూడున్నర వందల పైమాటే, విశాఖ సంగతి చెప్పనక్కర్లేదు. శనక్కాయ పీకే రోజుల్లో పొలం వదిలి, ఇద్దరికి బస్సు ఛార్జీలు, లాడ్జి, తిండి, మధ్యలో తెగిన రాకెట్ స్ట్రింగు మళ్లీ వేయించడం, ఇన్ని పెట్టుకుని మొదటి రౌండులోనే ఓడిపోతే ఆ తండ్రి మళ్లీ ఎందుకు పంపుతాడు? పంపడు. ఆ పిల్లకు ర్యాంకు లేదు కాబట్టి లెక్కలో ఆ పిల్లే లేదు. ఓడిపోయింది ఆటలో కాదు, బస్సు ఛార్జీల దగ్గర.

మా వీధిలో ఒకాయన తన కొడుకు స్కూల్ గేమ్స్‌లో జిల్లా తరఫున ఆడాడు కాబట్టి ర్యాంకు వచ్చేస్తుందని రెండేళ్లు ఎదురుచూశాడు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ వేరు, ఐటా ర్యాంకింగ్ వేరు, అక్కడి సర్టిఫికెట్ ఇక్కడ పాయింటు కాదు. సాఫ్ట్ టెన్నిస్ అయితే మెత్తటి రబ్బరు బంతితో ఆడే వేరే ఆట, దాని సంఘమే వేరు. ఈ తేడా ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఐటా రిజిస్ట్రేషన్ ఎలా చేయించాలి, జనన ధృవీకరణ పత్రం ఎందుకు కావాలి, ఎంట్రీకి, విత్‌డ్రాయల్‌కు గడువులు ఏంటి అని తెలుగులో ఒక్క పేజీ అచ్చేసి ప్రతి ఆఫీసర్స్ క్లబ్ గోడకూ, ప్రతి స్కూలు పీఈటీ సార్‌కూ ఇస్తే సంఘానికి అయ్యే ఖర్చు ఎంత?

ఇంటి దగ్గర టోర్నీ ఉంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2003లో హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ టోర్నీ, అంటే మహిళల అంతర్జాతీయ ప్రొఫెషనల్ టోర్నీ, మొదలైనప్పుడు సానియా మీర్జాకు పదహారేళ్లు. 2004లో అదే టోర్నీలో లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ గెలిచింది, 2005లో సింగిల్స్ గెలిచి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ అందుకున్న తొలి భారత మహిళ అయింది. ఆమె ప్రతిభ ఆమెదే, అందులో అనుమానం లేదు. కానీ సొంత ఊళ్లో, సొంత జనం ముందు, తనకన్నా పెద్ద ఆటగాళ్లతో ఆడే వారం ఏటా ఒకటి దొరికింది. అలాంటి వారాలు తెచ్చిపెట్టడమే సంఘాల పని. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ సదుపాయాలూ, ఆ అనుభవమూ హైదరాబాద్‌తోనే ఉండిపోయాయి, ఇక్కడ మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది.

బయట ఎలా చేస్తారో చూస్తే నాకు దక్షిణ అమెరికా పద్ధతి చాలా నచ్చుతుంది. అక్కడి ప్రాంతీయ సంఘం కోసాట్, ఏడాది మొదట్లో జూనియర్ల టోర్నీలను ఒక వరుసలో పెడుతుంది, వారానికో దేశం. పిల్లలు ఒక టోర్నీ అయిపోగానే ఇంకో దేశానికి కదిలిపోతారు, బాగా ఆడినవాళ్లలో కొందరిని గ్రాండ్‌స్లామ్ టోర్నీలు ఇచ్చే నిధుల సాయంతో జట్టుగా యూరప్ పంపుతారు. విడివిడిగా అయితే ఏ కుటుంబమూ భరించలేని ప్రయాణాన్ని సంఘం కలిపి కుడుతుంది.

మరి మనకు కర్నూలు, అనంతపురం, కడప ఉన్నాయి కదా. మూడు ఊళ్లూ ఒకదానికొకటి కొన్ని గంటల బస్సు దూరంలోనే ఉన్నాయి. మూడు వారాలు, మూడు టాలెంట్ సిరీస్ టోర్నీలు, దసరా సెలవుల చుట్టూనో సంక్రాంతి చుట్టూనో పెడితే స్కూలు పెద్దగా పోదు. ఎండాకాలం మాత్రం వద్దు, మన మే నెల ఎండలో పన్నెండేళ్ల పిల్లలను హార్డ్ కోర్టు మీద నిలబెట్టడం పాపం. పిల్లలకు హాస్టల్ గదులు ఇచ్చే కాలేజీలు మూడు ఊళ్లలోనూ దొరుకుతాయి.

ఇంకో సంగతి, ఇది మా ఇంట్లోనే జరిగింది. మా అన్న కూతురు బయట ఊళ్లో ఒక మ్యాచ్ ఆడుతోంది. చిన్నపిల్లల మ్యాచ్‌లకు చైర్ అంపైర్ ఉండడు, ఎవరి వైపు పడ్డ బంతికి వాళ్లే కాల్ ఇవ్వాలి, ఒక అంపైర్ నాలుగైదు కోర్టులు చూస్తూ తిరుగుతుంటాడు. స్కోరు డ్యూస్, అంటే గేములో ఇద్దరూ సమానంగా ఉన్నారు. అవతలి అమ్మాయి కొట్టిన బంతి బేస్‌లైన్ దాటి రెండు వేళ్ల దూరంలో పడింది, కంచె బయట నిలబడ్డ నాకే కనిపించింది. మా పాప వేలెత్తింది, నోట్లోంచి "అవుట్" మాత్రం గట్టిగా రాలేదు. అవతలి అమ్మాయి నెట్ దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో గడగడా ఏదో అడిగింది. మా పాప వేలు దించేసి, పాయింటు వదిలేసి, బంతి తీసి ఆ అమ్మాయికే ఇచ్చేసింది. తర్వాత బయటికొచ్చి, "చిన్నాయనా, బాల్ బయటే పడింది, కానీ ఆ అమ్మాయి అట్లా అడిగేసరికి నోరు పెగల్లేదు" అంది.

రూలు చూస్తే అనుమానం ఉన్నప్పుడే బంతి లోపల పడ్డట్టు లెక్క, స్పష్టంగా చూసినప్పుడు వెంటనే, అవతలివాళ్లకు వినపడేలా అవుట్ చెప్పాలి. ఒప్పుకోకపోతే ఆట ఆపి అంపైర్‌ను పిలవవచ్చు. ఇది ఫోర్‌హ్యాండ్ లాగా నేర్పాల్సిన విద్య, మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది. అందుకే నేను టోర్నీల కన్నా ముందు అంపైర్ల గురించి అడుగుతున్నా. రాష్ట్ర సంఘం ఇక్కడ ఒక అంపైరింగ్ శిక్షణ శిబిరం పెట్టి, మన పీఈటీలనూ, డిగ్రీ చదువుతూ ఆట వదిలేసిన పిల్లలనూ పిలిస్తే రెండు లాభాలు: టోర్నీ నడపడానికి మనుషులు ఇక్కడే తయారవుతారు, తెలుగులో ధైర్యం చెప్పే అంపైర్ ఉంటే పల్లె పిల్లలకు నోరు లేస్తుంది.

మేము కొందరు తల్లిదండ్రులం, ఇద్దరు కోచ్‌లు కలిసి సంఘానికి లేఖ రాస్తున్నాం. మొదట అంపైరింగ్ శిబిరం, తర్వాత మూడు ఊళ్లలో మూడు వారాలు, ఆ తెలుగు పేజీ. కర్నూలు, కడప వైపు పిల్లల్ని ఆడిస్తున్నవాళ్లు కూడా సంతకాలు పెడితే ఒక జిల్లా గోడులా కాకుండా సీమ మొత్తం అడిగినట్టుంటుంది. దసరాకు కావాలంటే క్యాలెండర్ ఖరారయ్యేలోపే లేఖ వాళ్ల చేతికి చేరాలి, అందుకే ఈ నెలలోనే పంపేస్తున్నాం.