లండన్‌లో మన తాత

నిన్న లండన్‌లో పార్లమెంట్ స్క్వేర్‌కి వెళ్ళా, బిగ్ బెన్ ఫోటో కోసమే అసలు, పక్కనే గాంధీ తాత విగ్రహం ఉందని సగం మర్చిపోయా కూడా. సన్నగా వాన, చలికి నాకు స్వెటర్ మీద జాకెట్, ఆయనేమో పంచె, భుజం చుట్టూ శాలువా, అంతే. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చినప్పుడు కూడా ఇదే డ్రెస్ కదా, అంతకు కొన్ని నెలల ముందే ఈ వేషం గురించే కదా చర్చిల్ అర్ధనగ్న ఫకీరు అని వెటకారం చేసింది. ఆ చర్చిల్ కూడా అదే స్క్వేర్‌లో పెద్ద కోటేసుకుని నిలబడి ఉన్నాడు, నాకైతే నవ్వాగలేదు.

2015లో పెట్టారంట, తొమ్మిదడుగుల కంచు విగ్రహం, దిమ్మె మాత్రం పొట్టిగా ఉంది, చర్చిల్‌లా ఎత్తు మీద కాదు, దాదాపు మన పక్కనే నించున్నట్టు. మా ఊరి సెంటర్లో గాంధీకి బంగారు రంగు పెయింటు, కళ్ళజోడు ఎవడో పట్టుకుపోతే మళ్ళీ పెట్టిన నాథుడు లేడు, అక్టోబర్ 2న మాత్రం దండ పడుద్ది. ఇక్కడ దండ లేదు, భుజం మీద ఒక పావురం ఉంది. గొడుగు మూసి కాసేపు అక్కడే నిలబడ్డా, బిగ్ బెన్ ఫోటో మర్చేపోయా.