ఎనిమిదో నాచ్

గిద్దలూరులో మా మేనమామ ఇంటి మిద్దె మీద పడుకున్న వేసవి రాత్రులలో, నల్లమల ఎక్కబోయే గూడ్సు బండి స్టేషనులో కదిలే శబ్దం కోసం నేను కావాలనే మేలుకొని ఉండేవాడిని. ఆ మార్గంలో మీటర్‌గేజ్ పోయి బ్రాడ్‌గేజ్ వచ్చిన తరువాత, తొంభైల చివరి నాటి సంగతి ఇది. మొదట ఇంజను నిలబడి చేసే గుడగుడ వినిపించేది. కాసేపటికి ఆ గుడగుడ మెట్టు మెట్టుగా బరువెక్కి, ఊరంతా నిండే హోరుగా మారేది. పక్క మంచం మీద మామ కళ్లు తెరవకుండానే "బరువు పట్టిందిరా, ఇంక కదులుద్ది" అనేవాడు. ఆ మాట తరువాత వ్యాగన్ల కప్లింగులు ఒకదాని వెంట ఒకటి బిగుసుకుంటూ పోయే ఇనుప చప్పుడు, ఆ చివరి దాకా సాగిపోయేది.

ఆ ఇంజను డబ్ల్యూడీఎం-2 అనే డీజిల్ రకం. అమెరికాకు చెందిన ఆల్కో సంస్థ రూపకల్పన అది. 1962లో మొదటివి అక్కడి నుంచే వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. దాని బలం 2,600 హార్స్‌పవర్. అందులో 16 సిలిండర్లు రెండు వరుసలుగా ఉంటాయి, ఒక్కో సిలిండరు లోపలి వ్యాసమే 9 అంగుళాలు, అంటే పిస్టను చిన్న టిఫిను ప్లేటంత ఉంటుంది. ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా నిమిషానికి 400 చుట్లు తిరిగే ఆ ఇంజనులో, ఒక్కో సిలిండరు రెండు చుట్లకొకసారి మండుతుంది కనుక, సెకనుకు 50కి పైగా పేలుళ్లు జరుగుతూ ఉంటాయి. అంత మందమైన శబ్దం చెవికన్నా ముందు ఛాతీకి తగులుతుంది.

అయితే ఆ శబ్దంలో నన్ను కట్టిపడేసినది దాని పెద్దతనం కాదు. లారీలో ఇంజను చక్రాలను గేర్ల ద్వారా తిప్పుతుంది కాబట్టి దాని మోత బండి వేగంతో ముడిపడి ఉంటుంది. రైలు డీజిల్ ఇంజను మాత్రం జనరేటరును తిప్పి కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటుతో ఇరుసుల దగ్గరి మోటార్లు చక్రాలను లాగుతాయి. అందువల్ల డ్రైవరు హ్యాండిల్‌ను ఎనిమిదో నాచ్‌కు (అంటే బలం పెంచే ఎనిమిది మెట్లలో చివరిదానికి) తెచ్చినప్పుడు, బండి మనిషి నడకకన్నా మెల్లగా పాకుతున్నా, ఇంజను తన పూర్తి వేగమైన 1,000 చుట్లతో గర్జిస్తూ ఉంటుంది. అప్పుడు మనకు వినిపించేది వేగం కాదు, మోస్తున్న బరువు. దిగువమెట్ట దాటి చెలమ వైపు అడవిలో ఎక్కే బండి దగ్గర నిలబడి విన్నవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

పగటిపూట నేను ప్లాట్‌ఫారం చివరి టీ కొట్టు దగ్గర, ఇంజను ఆగే చోటు చూసుకొని నిలబడేవాడిని. ఆ కొట్టు పైకప్పు రేకుకు ఒక మేకు ఊడి ఉండేది. ఇంజను నిలబడి ఉన్నంతసేపు ఆ రేకు కదిలేది కాదు. డ్రైవరు రెండు మూడు నాచ్‌లు పెంచగానే ఒక్కసారిగా గణగణ మోగేది, ఇంకొక నాచ్ పెరిగితే మళ్లీ నోరు మూసుకొనేది. ఆ రేకు సహజంగా ఊగే వేగమూ ఇంజను వేగమూ ఒకచోట కలుస్తున్నాయని, ఎన్నో ఏళ్ల తరువాత ఫిజిక్సు పుస్తకంలో అనునాదం గురించి చదివినప్పుడు అర్థమై, పుస్తకం మూసి చాలాసేపు ఆ కొట్టునే తలచుకున్నాను. నాచ్ పెంచిన వెంటనే డీజిల్ ఎక్కువగా అందుతుంది కాని, పొగ వేడితోనే తిరుగుతూ ఇంజనులోకి గాలిని నెట్టవలసిన టర్బో వేగం అందుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. గాలి చాలని ఆ కొద్ది క్షణాలలో నల్లటి పొగ స్తంభంలా లేచేది. టర్బో ఈల సన్నగా మొదలై పైకి పోతున్న కొద్దీ పొగ పలుచబడేది. ఆ ఈలా, కింద ఆ హోరూ ఒకేసారి వినడంలో ఉన్న సుఖం మరే వాద్యంలోనూ నాకు దొరకలేదు.

తరువాత గుత్తి ఇంజన్ల షెడ్డు నుంచి, అమెరికాకే చెందిన మరో సంస్థ ఈఎండీ రూపకల్పన చేసిన డీజిల్ ఇంజన్లు వచ్చాయి. వాటి బలం 4,000 హార్స్‌పవర్. అవి టూ-స్ట్రోక్ ఇంజన్లు కనుక ప్రతి చుట్టుకూ ప్రతి సిలిండరూ మండుతుంది, గొంతు నున్నగా ఒకే ధారలా సాగుతుంది. గొప్ప ఇంజన్లే, కాని ఆల్కోలోని ఆ తడబాటు, ఆ ప్రయాస వాటిలో నాకు వినిపించవు.

ఇప్పుడు ఆ మార్గంలో కరెంటు తీగలు పడ్డాయి. అడవికి పొగ తగ్గింది, డీజిల్ ఖర్చు తగ్గింది. అది జరగవలసిన పనే. మొన్న వేసవిలో మళ్లీ అదే మిద్దె మీద, మామ పక్కన పడుకున్నాను. స్టేషను వైపు హారన్ ఒక్కసారి వినిపించింది. ఇద్దరమూ చెవులు రిక్కించి ఎదురుచూశాము. కొంతసేపటికి దూరంగా, ఊరి అవతలి నుంచి రెండో హారన్ వచ్చింది.

"ఎప్పుడు కదిలిందిరా?" అన్నాడు మామ.