మార్చి నెల కేసులు

సంక్రాంతికి వచ్చిన మా అల్లుడు భోజనాల దగ్గర ఒక మాటన్నాడు. "ఈ అసెంబ్లీలు, కోర్టులు పక్కన పెట్టి, గట్టివాడొకడికి పదేళ్లు అప్పగిస్తే దేశం బాగుపడిపోద్ది అత్తయ్యా." గ్రూప్స్‌కి చదువుతున్న మా మనవరాలు వెంటనే, "పెరూలో అదే చేశారు మావయ్యా" అంది. ఆ రాత్రి నుంచి దాని చేత దక్షిణ అమెరికాలోని ఆ పెరూ గురించి చదివించుకుని వింటున్నాను.

అక్కడి ఆ గట్టివాడి పేరు అల్బెర్టో ఫుజిమోరి. జపాన్ నుంచి వలస వచ్చినవాళ్ల కొడుకు, వ్యవసాయ యూనివర్సిటీ పెద్ద. ట్రాక్టరెక్కి ప్రచారం చేసి 1990లో నిజంగానే ఓట్లతో గెలిచాడు. ఆ ఏడాది అక్కడ ధరలు 7,000 శాతానికి పైగా పెరిగాయి. పైగా సెందెరో లూమినోసో అనే మావోయిస్టు దళాల బాంబులు. జనం విసిగిపోయి ఉన్నారు. 1992 ఏప్రిల్ 5 రాత్రి టీవీలో కనిపించి, కాంగ్రెస్‌ని, అంటే అక్కడి పార్లమెంటుని, రద్దు చేస్తున్నానన్నాడు. వీధుల్లోకి ట్యాంకులు వచ్చాయి. జడ్జీలను తీసేశాడు. పదిమందిలో ఏడుగురికి పైగా మంచి పని చేశాడన్నారట. సెప్టెంబర్‌లో దళాల నాయకుడు గుజ్మాన్ దొరికేసరికి ఇంకా మెచ్చుకున్నారు. గుజ్మాన్‌ని పట్టుకున్న పోలీసు బృందం మాత్రం ఫుజిమోరి గద్దెనెక్కకముందే, కాంగ్రెస్ నడుస్తున్న రోజుల్లోనే ఏర్పడింది.

ఇక్కడిదాకా వింటూ ఊరుకున్నాను. తర్వాతది వినేసరికి నాకు నిద్ర పట్టలేదు.

1996 నుంచి 2000 దాకా అక్కడ రెండున్నర లక్షలకు పైగా ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. అందరికీ బలవంతంగా అనను. కానీ కొండల్లోని క్వెచువా భాష మాట్లాడే పేద ఆడవాళ్లు వేలమంది మాకు చెప్పకుండా, బెదిరించి చేశారని వాంగ్మూలం ఇచ్చారు. ఆస్పత్రులకు టార్గెట్లు పెట్టారు. కాగితాలు స్పానిష్‌లో ఉంటే, వీళ్లలో చాలామందికి ఆ భాష చదవడం రాదు.

టార్గెట్ అంటే ఏమిటో నాకు తెలుసు. ముప్పై ఏళ్ల పైన ఏఎన్ఎంగా చేశాను, అందులో పదకొండేళ్లు సీతంపేట ఏజెన్సీలో. మార్చి వచ్చిందంటే టెన్షన్. ఇన్ని ఆపరేషన్ కేసులు తేకపోతే జీతం ఆపేస్తామనేవారు. సవర గిరిజన ఆడవాళ్లను జీపెక్కించి క్యాంపుకి తీసుకెళ్లేవాళ్లం. సవర భాషలో నాకు వచ్చింది పది ముక్కలు. ఆ పది ముక్కలతోనే ఒప్పించి వేలిముద్ర వేయించేదాన్ని. మన దేశంలో ఆ టార్గెట్లు 1996లో ఎత్తేశారు. పెరూలో అదే ఏడాది మొదలెట్టారు.

మామెరిటా మెస్తాన్సా అనే ఆవిడది పెరూలోని కహమార్కా. ఏడుగురు పిల్లలు. ఐదుగురి కంటే ఎక్కువమంది ఉంటే జరిమానా, జైలు అని బెదిరించారు. 1998 మార్చి ఆఖర్లో ఆపరేషన్ చేశారు. ఏప్రిల్ 5న ఇంట్లోనే చనిపోయింది. కాంగ్రెస్‌ని మూసేసిన రోజుకి సరిగ్గా ఆరేళ్లు. భర్త పెట్టిన కేసుని అక్కడి కోర్టులు మూసేశాయి. అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్తే, 2003లో ప్రభుత్వం తప్పు ఒప్పుకుంది. అప్పటికి ఫుజిమోరి దిగిపోయి మూడేళ్లు.

నా ట్రంకు పెట్టెలో ఒక మెమో ఉంది. ఒక మార్చిలో నేను తీసుకెళ్లిన ఒకావిడకి జ్వరం ముదిరింది. పేపర్లో చిన్న వార్త పడింది. ఎవరో ఎమ్మెల్యే అసెంబ్లీలో అడిగారట, పైనుంచి కిందికి విచారణ దిగి చివరికి నా చేతికి మెమో వచ్చింది. రాసినవాణ్ని, అడిగినవాణ్ని నెల రోజులు తిట్టుకున్నాను. ఆ తర్వాత మాత్రం అర్థమయ్యేలా చెప్పకుండా ఎవరినీ జీపెక్కించలేదు.

కనుమ రోజు పెట్టె తీసి అల్లుడికి చూపించాను. రెండుసార్లు చదివాడు.

"ఆవిడకి ఏమైంది అత్తయ్యా?"

బతికింది. కుట్లు చీము పట్టి రెండు నెలలు మంచం మీదే ఉంది. ఆ ఏడాది వాళ్లు పోడు చెయ్యలేకపోయారు.